హాజరు పలకని మనిషి

ఈ వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు పెడుతున్న లా విద్యార్థులు కొందరు నాకు మెసేజ్‌లు పెడుతున్నారు. "అక్కా, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?" అని. నన్ను అడగడం ఎంత పొరపాటో వాళ్ళకి తెలియదు. "ఈ పని ఎందుకు చెయ్యాలనుకుంటున్నావు?" అన్న ప్రశ్నకు జవాబుని డైరీలో ఎన్నోసార్లు దిద్దుకుని వెళ్ళాను. తీరా అక్కడ సగం చెప్పి, మిగతా సగం మింగేశాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ కాసేపు చూసి, "మిగతాది రాసి పంపుతావా అమ్మా?" అంది. పంపాను. అందుకే తీసుకుని ఉంటారు.

పుట్టుకని బట్టో, రంగుని బట్టో, దేశాన్ని బట్టో చులకనకు గురయ్యేవాళ్ళ తరఫున పనిచేస్తామనే విద్యార్థులకి ఒక వేసవి ఖర్చులు భరించి, ఎక్కడో ఒకచోట పనిలో పెట్టే ఫెలోషిప్ అది. నాతోపాటు ఎంపికైనవాళ్ళు ఏజెన్సీ ప్రాంతాలకీ, ఢిల్లీకీ, ఓడరేవులకీ వెళ్ళారు. నేను రియాద్ అడిగాను. అందులో గొప్ప ఆశయమేమీ లేదు. మాది కర్నూలు వైపు. నాన్న రియాద్‌లో ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. ఇంటర్ దాకా నా చదువు అక్కడే. ఇంట్లో ఉండి పనికి వెళ్ళొచ్చు, కొత్తవాళ్ళతో గది పంచుకోవక్కర్లేదు. నా ఆలోచన అంతవరకే.

మొదటిరోజే ఒక నియమం చెప్పారు. సాయం కోసం వచ్చినవాళ్ళ పేర్లు కార్యాలయం ఫైల్లో తప్ప ఇంకెక్కడా రాయకూడదు, సొంత డైరీలో కూడా. నేను ఆ వేసవి డైరీ ఇప్పుడు తీసి చూస్తే పేరు ఉండాల్సిన ప్రతిచోటా చిన్న గీత ఉంటుంది. ఈ వ్యాసంలో ఎవరికీ పేరు లేకపోవడానికి కారణం అదే. చివర్లో ఇంకో కారణం కూడా చెబుతాను.

*

మా కార్యాలయం అంటే ఒక సౌదీ న్యాయవాది రెండు గదులు. ఆవిడని అందరూ 'ఉస్తాదా' అనేవారు. అక్కడ న్యాయవాదినీ పంతులమ్మనీ ఒకే గౌరవంతో పిలిచే మాట అది. వారంలో సగం రోజులు కంపెనీల కేసులు చూసుకుని, మిగతా సగం కార్మికుల కేసులు ఫీజు లేకుండా చూసేది. తక్కువ మాట్లాడేది, ఇంగ్లీషులోనైనా అరబ్బీలోనైనా. ఫైలు నా ముందు పెట్టి, "చదువు. తర్వాత నీకేం అర్థం కాలేదో చెప్పు" అనేది. నాకేం అర్థమైందో ఎప్పుడూ అడిగేది కాదు. చదవడం నాకు ఇష్టమైన పని కాబట్టి మొదటి రోజులు హాయిగా గడిచాయి. మనుషులు రానంత సేపూ.

మనుషులు వచ్చినప్పుడు చాచా ఉండేవాడు. మా దుబాసీ. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, తల నెరిసేదాకా రియాద్‌లో టాక్సీ నడిపినవాడు. తెలుగు, ఉర్దూ, అరబ్బీ, బెంగాలీ కాస్త, అన్నీ ఒకే గొంతుతో మాట్లాడేవాడు. నేను తలుపు వెనక నిలబడి లోపలికి రావడానికి తటపటాయిస్తుంటే, "లోపలికి రా బేటీ, వాళ్ళు కేసులోళ్ళు, పులులు కాదు" అనేవాడు.

కూర్చుని వింటూ ఉండగా నేను ముందుగా గమనించింది ఒక మాట. ఐవా. అరబ్బీలో అవును అని. మనవాళ్ళు అక్కడికి రాగానే నేర్చుకునే మాట అదే. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, ఏమన్నా ఐవా, ఫోర్‌మన్ ఏమన్నా ఐవా, పోలీసు ఆపితే అడగకముందే ఐవా. అర్థమయ్యే అంటారని కాదు. అంటే గొడవ ఉండదని అంటారు. నాకు వాళ్ళ మీద జాలి కలగలేదు, చుట్టరికం కలిగింది. కాలేజీలో నేను చేసిందీ అదే. సీటు మారమన్నా సరే, సెమినార్‌లో నా వంతు ఇంకొకరికి ఇమ్మన్నా సరే.

*

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఏసీ మెకానిక్ ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. నేను 'అన్నా' అనేదాన్ని, ఆయన 'మేడమ్' అనేవాడు. కంపెనీ ఆయన మీద 'హురూబ్' పెట్టింది. అంటే పనికి రాకుండా పారిపోయాడని ప్రభుత్వానికి రిపోర్టు. అది ఉన్నంతకాలం ఇంకెక్కడా పని చేయకూడదు. గడువు దాటితే ఇంటికి పంపేస్తారు, మళ్ళీ రావడం కుదరదు. అభా కొండల్లో ఒక హోటల్ ఆయన్ని ఏసీలు, చలిగదులు చూసుకునే పనికి తీసుకుంటామంది. రిపోర్టు రద్దయితేనే.

"అసలేం జరిగింది అన్నా?" అని అడిగాను.

"ఏం లేదు మేడమ్. బస్సు తప్పింది, గంతే."

"ఒక్కరోజేనా?"

"ఐవా మేడమ్."

"లేక చాలా రోజులా?"

"ఐవా."

చాచా కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

కోర్టుకి పోయేముందు అక్కడ రాజీ అధికారి ముందు రెండు విడతలు కూర్చుంటారు. ఇప్పుడదంతా వీడియోలోనే. మొదటి విడతలో కంపెనీ తరఫున వచ్చిన 'మందూబ్', అంటే సర్కారు పనులు చక్కబెట్టే మనిషి, బహు మర్యాదగా మాట్లాడాడు. అధికారి మా అన్నని ఒక్కటే అడిగాడు. "నీ అంతట నువ్వే పనికి దూరంగా ఉన్నావా?"

చాచా తెలుగులోకి తిప్పేలోపే అన్న అనేశాడు.

"ఐవా."

తెరమీద మందూబ్ నవ్వు ఇంకా గుర్తుంది. ఉస్తాదా వెంటనే కల్పించుకుని, ప్రశ్న అర్థం కాలేదని రాయించింది. రెండో విడత మిగిలింది. అందులో తేలకపోతే కేసు కోర్టుకి పోతుంది. కోర్టులో గెలవొచ్చు, కానీ అంతవరకూ అభా ఉద్యోగం ఆగదు, గడువూ ఆగదు.

అన్నని పంపించాక చాచా తల పట్టుకున్నాడు. "నేను ముప్పై దేశాలోళ్ళ మాట తిప్పినా. ఈ మనిషి మాట తిప్పక ముందే మునుగుతడు."

ఉస్తాదా నా వైపు తిరిగింది. "అతనికి జవాబు చెప్పడం నువ్వు నేర్పు."

"నేనా? నాకే..." అని ఆగిపోయాను.

"తెలుసు" అంది.

*

శుక్రవారం మధ్యాహ్నం, భోజనాల రద్దీ తగ్గాక, రియాద్ పాత బజారు బతాలో ఒక తెలుగు మెస్‌లో కలుసుకున్నాం. బయట వీధి నిండా మనవాళ్ళే. ఇళ్ళకి పైసలు పంపేవాళ్ళు, సిమ్‌లు కొనేవాళ్ళు, ఊరికే నిలబడి ఊరివాళ్ళ కోసం చూసేవాళ్ళు. లోపల కుటుంబాల కోసం పరదా కట్టిన మూల ఉంటుంది. అక్కడ నేనూ చాచా ఒక బల్ల దగ్గర, ఎదురుగా అన్నా, ఆయనతోపాటు ఒకే గదిలో ఉన్న నిజామాబాద్ దోస్తూ. ఈ దోస్తు ఇంకా అదే కంపెనీలో పనిచేస్తున్నాడు. వచ్చి కూర్చోవడమే ఆయనకి ధైర్యం.

నేను డైరీలో ప్రశ్నలు రాసుకెళ్ళాను. అరబ్బీలో 'లా' అంటే కాదు అని. కాదని చెప్పాల్సిన ప్రశ్నలన్నీ వరసగా.

"నువ్వు కంపెనీ వదిలి పారిపోయావా?"

"ఐ... కాదు మేడమ్."

"అరబ్బీలో అన్నా."

"లా... మేడమ్." ఆ 'మేడమ్' దగ్గరికి వచ్చేసరికి 'లా' కరిగిపోయేది.

దోస్తు వంటింట్లోంచి పెద్ద గంటె తెచ్చి బల్లమీద కొట్టాడు. "సైలెన్స్! నేను జడ్జిని. ఓ ముద్దాయి, నా బట్టలు రేపటి నుంచి నువ్వే ఉతుకుతవా?"

"ఐవా" అన్నాడు అన్న, ఆలోచించకుండా.

"మెస్‌ల చికెన్ నేను తింటా, నీకు పులుసే. సరేనా?"

"ఐవా."

"నువ్వు గాడిదివా?"

"ఐవా." అనేసి, తనే ముందు నవ్వాడు. పరదా అవతల వడ్డించే వాళ్ళు కూడా నవ్వారు. చాచా దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను, కానీ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఈ ప్రశ్నలు ఎన్నిసార్లు అడిగినా ఇంతే అనిపించింది.

నవ్వులు ఆగాక దోస్తు గంటె కింద పెట్టాడు. ఆయన ముఖం మారింది.

"ఇప్పుడు ఊకూకె ఐవా అంటున్నవ్ గదరా. అప్పుడు ఒక్కసారి ఐవా అంటే ఈ గోస ఉంటుండెనా?"

అన్న ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "ఎందుకుర ఇప్పుడది."

"ఏది?" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, కానీ వాళ్ళకి వినపడింది.

దోస్తు చెప్పాడు. పొద్దున క్యాంపు గేటు దగ్గర హాజరు తీస్తారు. కొన్ని దేశాల మనుషులని పేరు పెట్టి పిలుస్తారు. మనవాళ్ళనీ బంగ్లావాళ్ళనీ నేపాల్ వాళ్ళనీ పేరు పెట్టి పిలవరు. 'యా హిందీ' అంటూ వేలు చూపిస్తారు. హిందీ అంటే అక్కడ ఇండియా మనిషి అని. వేలు ఎవరి మీద పడితే వాడు ఐవా అనాలి, బస్సెక్కాలి. అందరూ అంటారు. ఈయన ఒకరోజు అనలేదు. కార్డు చూపించి, దీనిమీద పేరుంది, అది పిలువు అన్నాడు. ఫోర్‌మన్ నవ్వి ఆబ్సెంట్ వేశాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆ ఆబ్సెంట్లన్నీ కలిపి హురూబ్ పెట్టారు.

"మేమందరం బస్సెక్కి చూస్తుంటిమి మేడమ్. వీడు గేటుకాడ నిలబడే ఉండె. ఇస్త్రీ అంగీ ఏస్కొని, కార్డు పట్టుకొని. బస్సు పోయేదాక."

అన్న గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

"ఊర్లె మా నాయన్ను ఎవ్వడు పేరు వెట్టి పిలువలే మేడమ్. కులం పేరే పిలుపు. పిలిస్తె ఉరికేటోడు. నాకు పాస్‌పోర్టు వచ్చిననాడు, ఇంటిపేరు, నాయన పేరు, నా పేరు, మూడు ఒక్క తాన సూసిన. మస్తు సేపు సూసిన." జేబులో పెన్ను సరిచేసుకున్నాడు. "ఇది చెప్పుకుంటె నవ్వుతరు మేడమ్. పేరు కోసం నౌకరి వోగొట్టుకున్నడా అంటరు. అందుకే బస్సు తప్పిందన్న."

ఒక్కసారి కాదన్నందుకు ఆయనకి పడిన శిక్ష ఇది. ఆ తర్వాత ఇక అన్నిటికీ ఐవాయే. నేను డైరీ మూసేశాను. ఆయనకి 'లా' అనడం నేర్పించాలని వచ్చాను. ఆ మాట అనడం మా అందరికంటే ఆయనకే ముందు తెలుసు.

మెట్రోలో ఇంటికి వెళుతూ ఆలోచించాను. అధికారి గానీ, ఉస్తాదా గానీ, నేను గానీ, మేమందరం ఆయన్ని అడిగిన ప్రశ్నలన్నీ అవునో కాదో అనడానికి తప్ప ఇంక దేనికీ చోటివ్వనివి. అవును అనడం అలవాటైన మనిషిని అలా అడిగితే వచ్చేది ఒకటే జవాబు. దోస్తు అడగడం ఆపి జరిగింది చెప్పాకే ఆయన నోరు తెరిచాడు. మర్నాడు ఉస్తాదాతో చెప్పాను. నాకేం అర్థం కాలేదో చెప్పడం కాకుండా, అర్థమైంది చెప్పడం అదే మొదటిసారి. ఆవిడ విని, "అయితే రెండో విడతలో మొదటి మాట నేనే అడుగుతాను. 'పొద్దున గేటు దగ్గర ఏం జరిగిందో చెప్పు' అని. మిగతాది అతను చెబుతాడు" అంది.

*

రెండో విడత రోజున ఉస్తాదా ఇంకో కోర్టులో ఇరుక్కుపోయింది. అక్కడి నుంచే ఫోన్‌లో కలుస్తానంది. కార్యాలయంలో ల్యాప్‌టాప్ ముందు అన్న కూర్చున్నాడు. పక్కన చాచా. నేను కెమెరాకి అందకుండా బీరువా పక్కన కుర్చీ వేసుకున్నాను. నాకు ఎప్పుడూ ఇష్టమైన చోటు అదే.

తెరమీద నాలుగు గళ్ళు. అధికారి, మందూబ్, మేము, ఉస్తాదా. అధికారి కేసు చదవడం మొదలుపెట్టగానే ఉస్తాదా గడి నల్లబడింది. లైన్ పోయింది. చాచా ఆమెకి ఫోన్ చేశాడు, కలవలేదు.

మందూబ్ ఆ సందు వదల్లేదు. "అయ్యా, గొడవ ఎందుకు? మేం పెద్దమనసు చేసుకుంటాం. టికెట్ మాదే. ఇంటికి పంపేస్తాం, పిల్లాజెల్లాతో సుఖంగా ఉంటాడు. సరేనా?"

చాచా తెలుగులో చెప్పాడు. చెప్పక తప్పదు, దుబాసీ తన మాట కలపకూడదు. కానీ చెబుతూ ఆయన నా వైపు చూశాడు.

అన్న చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. తల కిందికి ఊగింది. "ఐవా."

అధికారి టైపు చేయడం వినిపించింది. "కార్మికుడు అంగీకరించాడు..."

ఆ తర్వాత నేనేం ఆలోచించానో డైరీలో లేదు, ఆలోచించలేదు కాబట్టి. కుర్చీ జరిగిన చప్పుడు మాత్రం గుర్తుంది. తెరమీద అన్న భుజం పక్కన ఒక ఆడపిల్ల ముఖం కనపడింది. అది నాదే.

"లా" అన్నాను.

అధికారి తలెత్తాడు. "ఎవరు నువ్వు?"

"ట్రైనింగ్‌లో ఉన్నాను." బళ్ళో నేర్చుకున్న అరబ్బీ, ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"నీకు మాట్లాడే అర్హత లేదు."

"తెలుసండీ. అతను ఒప్పుకోలేదు. అతను అన్నిటికీ ఐవా అంటాడు. దయచేసి సరేనా అని అడగకండి. పొద్దున గేటు దగ్గర ఏం జరిగిందో అడగండి."

మందూబ్ ఏదో అనబోయాడు. అధికారి చెయ్యెత్తి ఆపాడు. పెద్దవయసు మనిషి, అలసిపోయిన కళ్ళు. ఆ రోజు అప్పటికే ఇలాంటివెన్ని విన్నాడో. టైపు చేసినది చెరిపినట్టు ఒకే మీట మీద వేలు చాలాసార్లు పడింది.

"సరే. పొద్దున గేటు దగ్గర ఏం జరిగింది? చెప్పు."

అన్న నా వైపు చూశాడు. నేను బీరువా పక్కకి వెళ్ళిపోలేదు.

ఆయన చెప్పాడు. జగిత్యాల తెలుగులో, బతాలో చెప్పినట్టే, కొంచెం నెమ్మదిగా. చాచా గొంతు మారకుండా అరబ్బీలోకి తిప్పాడు. కులం పేరు దగ్గర మాత్రం ఆయన కాస్త ఆగి, తగిన మాట వెతుక్కున్నాడు.

మందూబ్ మర్యాద జారిపోయింది. "చూశారా! పేరు పెట్టి పిలవాలట! అంతమందిని పేర్లతో పిలిస్తే బస్సు ఎప్పుడు కదలాలి? రోజూ అక్కడే నిలబడేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు. అది మా తప్పా?"

చాచా అలవాటుగా తెలుగులోకి తిప్పబోయి ఆగాడు.

"రోజూ అక్కడే నిలబడేవాడా?" అన్నాడు అధికారి.

మందూబ్‌కి అప్పుడు తెలిసింది తనేమన్నాడో.

"పారిపోయాడని రిపోర్టు పెట్టింది మీరే. అక్కడే నిలబడ్డాడని చెబుతున్నదీ మీరే." అధికారి ఫైలు దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత ఆయన చేసిన పని చట్టం చేయమన్నది కాదు. ఫైల్లో ఉన్న పేరుని, ఇంటిపేరు, తండ్రి పేరు, సొంత పేరు, మూడూ చదివాడు. మన 'ళ' ఆయన నోట పలకలేదు, ఒత్తులు ఎక్కడెక్కడికో పోయాయి. అయినా ఒక్కో అక్షరం ఆగి ఆగి, చివరిదాకా చదివి, తెరలోకి చూశాడు.

అన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఐవా" అన్నాడు.

*

రిపోర్టు వెనక్కి తీసుకోవడానికీ, అభా హోటల్‌కి మారడానికీ కంపెనీ ఆ విడతలోనే ఒప్పుకుంది. ఉస్తాదా సాయంత్రం వచ్చి నన్ను గట్టిగా మందలించింది. అర్హత లేనిచోట మాట్లాడితే కేసే కొట్టేసే ప్రమాదం ఉందని. అది నిజం, మీరూ గుర్తుంచుకోండి. మందలించడం అయ్యాక తన చేత్తో గావా, అంటే అరబ్బీ కాఫీ, పోసి ఇచ్చింది. వేసవి చివర ఫెలోషిప్ వాళ్ళకి పంపిన నివేదికలో నా గురించి ఒక్క వాక్యమే రాసింది: "ఈమె వింటుంది." నేను దాన్ని ఇప్పటికీ పొగడ్తగానే తీసుకుంటున్నాను.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా కార్మిక కేసులే చూస్తున్నాను. గొంతు ఇంకా చిన్నదే. జడ్జిగారు "కాస్త గట్టిగా అమ్మా" అనని రోజు ఉండదు. కానీ సాక్షిని అడిగే ముందు, నా ప్రశ్నలో ఆ మనిషికి ఎంత చోటుందో చూసుకుంటాను. ఇది నాకు ఏ తరగతిలోనూ రాలేదు. బతాలో పరదా వెనక, గంటె చప్పుడులో వచ్చింది. మాట కలపకుండానే చూపుతో నన్ను ముందుకు తోసిన చాచాకీ, ఉన్న ఉద్యోగాన్ని పణంగా పెట్టి నిజం బయటపెట్టిన దోస్తుకీ, అర్హత లేని పిల్ల మాట విని ప్రశ్న మార్చిన అలసిపోయిన అధికారికీ నేను రుణపడి ఉన్నాను. నేను ఆ వేసవి చేసిందల్లా ఒక కుర్చీ జరపడమే.

ఇంటర్వ్యూలో ఏం చెప్పాలని అడిగారు కదా. మీరు చూసింది ఇలాగే చెప్పండి. చెప్పలేకపోతే రాసి పంపండి. చదివేవాళ్ళు ఉంటారు.

ఇక, చెబుతానన్న రెండో కారణం. ఇది రాయబోయే ముందు అభాకి ఫోన్ చేశాను. కొండమీద పొగమంచు కమ్ముతోందనీ, ఏసీలకంటే హీటర్లే ఎక్కువ చూస్తున్నాననీ అన్న నవ్వాడు. అక్కడ సూపర్‌వైజర్ పేరు పెట్టే పిలుస్తున్నాడట. "సగం పేరే వస్తది వానికి. ఆ సగానికే పలుకుతున్న."

"అన్నా, మీ గురించి రాస్తున్నాను. మీరు సరేనంటే ఈ ఒక్కచోట మీ పేరు రాస్తాను" అన్నాను. అడిగాక నాలుక కరుచుకున్నాను. మళ్ళీ అదే రకం ప్రశ్న. ఐవా అనేస్తాడనుకున్నాను.

"వద్దు మేడమ్" అన్నాడు, వెంటనే. "కాయితం మీద అప్పుడు గూడ ఉండె గద పేరు. నోట్లకెళ్లి రావాలె."

అప్పటిదాకా నేను ఆయన్ని అన్నా అన్నాను, ఫైల్లో క్లయింట్ అన్నాను, డైరీలో గీత గీశాను. పేరుతో ఒక్కసారీ పిలవలేదు. ఫోన్‌లో పిలిచాను, చివర 'అన్నా' చేర్చి.

"ఆఁ" అన్నాడు. "మరి మీ పేరేంది మేడమ్? ఇన్నొద్దులు అడుగనే లేదు."

చెప్పాను. ఎప్పటిలాగే చిన్న గొంతుతో. ఆయన దాన్ని ఒకసారి పలికి చూసుకున్నాడు. ఒక అక్షరం తప్పు పోయింది.

ఆ పిలుపుకే పలికాను.